ఎవరు తూచినా అదే చెత్త

ఆ ఊరి పేరు రాయను. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే బస్సు దారిలో ఉంటుందని మాత్రం చెప్తాను. భయపడి దాచడం లేదు. ఆ దారిలో ఏ ఊళ్ళో దిగి ఊరవతలికి నడిచినా అదే కుప్ప, అదే వాసన. ఒక్క ఊరి నెత్తిన రుద్దడం ఎందుకని ఊరుకుంటున్నాను.

తొంభైల్లో అక్కడి జూనియర్ కాలేజీలో నేను జువాలజీ చెప్పేదాన్ని. కాపురం ఆత్మకూరులో. పొద్దున్నే బస్సెక్కితే నిమ్మతోటలూ శనక్కాయ చేలూ దాటి, తల నిండా ఎర్రదుమ్ముతో మొదటి బెల్లుకు క్లాసులో ఉండేదాన్ని. నాకు కోపం ఎక్కువని పిల్లలు చాటుగా అనుకునేవాళ్ళు. చాటుగా ఎందుకు, నా ముందే అనొచ్చు. నిజమే కదా.

ఆ రోజుల్లో ప్రాక్టికల్స్ ఎట్లా ఉండేవో చెప్పాలి. బొద్దింకను చూసి బొద్దింక బొమ్మ వేసినవాళ్ళు లేరు. పోయినేడు అక్క వేసిన రికార్డు చూసి ఈ ఏడు చెల్లెలు వేసేది. అక్క వేసిన బొద్దింకకు ఒక కాలు తక్కువుంటే చెల్లెలి బొద్దింకా కుంటిదే. అయోడిన్ సీసా ఎండిపోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు, అయినా ప్రతి రికార్డులో బంగాళదుంప ముక్క చక్కగా నీలంగా మారేది. నేను ఎగ్జామినర్‌గా వేరే కాలేజీలకు పోయినా ఇదే తంతు. మార్కులు వేసి, వాళ్ళు పెట్టిన భోజనం చేసి, ఒళ్ళు మండుతూ ఇంటికొచ్చేదాన్ని.

ఒక ఏడాది సెకండియర్ బైపీసీ క్లాసులో ఆ రికార్డులన్నీ టేబుల్ మీద కుప్పపోసి చెప్పాను. ఒకరు చేసిన పనిని ఇంకొకరు, వాళ్ళను నోరు తెరిచి అడక్కుండా, ఎట్లా చేశారో రాసింది చదువుకుని మాత్రమే మళ్ళీ చేసి, అదే ఫలితం తెచ్చుకోగలిగితే అది సైన్సు. లేకపోతే అది మీ మాట, అంతే. మీ మాట నేనెందుకు నమ్మాలి, నా మాట మీరెందుకు నమ్మాలి. దీనికి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది. పిల్లలకు ఆ పేరు చెప్పలేదు. "ఎవరు చేసినా అదే రావాల" అని వాళ్ళ భాషలోనే చెప్పాను.

"అట్టాంటిది మా కాడ ఏముండాది మేడం చేసేదానికి," అన్నాడు వెనక బెంచీలో ఒకడు. వాడు ఆ ఊరి ప్రెసిడెంటు తమ్ముడి కొడుకు. సర్పంచిని అక్కడ అందరూ ప్రెసిడెంటనే అంటారు. పిల్లవాడు పొగరుబోతేమీ కాదు, ఇంట్లో అలవాటైన పద్ధతిలో కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు.

నేను జవాబు చెప్పేలోపు ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. పాలెం నుంచి వచ్చే పిల్ల. ఊరికి దిగువన చర్చి, చర్చి వెనక రెండు వీధులు, వాటినే పాలెం అంటారు. మాట్లాడితే గొంతు కిందకి పోయేది ఆ పిల్లకు, ఆ రోజు మాత్రం అందరికీ వినబడేట్టు చెప్పింది. "మా బావి నీళ్ళు వాసన వస్తా ఉండాయి మేడం. చెత్త ట్రాక్టరు పెట్టినప్పటి నుంచి."

ఆ సాయంత్రమే పోయి చూశాను. పాలెం చివర బావి. బావికి ఎగువన గట్టు. పంచాయతీ ట్రాక్టరు ఊళ్ళో చెత్తంతా తెచ్చి ఆ గట్టు మీద దించుతుంది. వాన పడితే గట్టు మీది నీళ్ళు ఎటు పోతాయో తెలియడానికి సైన్సు చదవనక్కర్లేదు. ఆ పిల్ల చేదతో నీళ్ళు తోడి నా అరచేతిలో పోసింది. వాసన చూడమని పోసింది, తాగమని కాదు. ఇంటికొచ్చిన మనిషికి గ్లాసెడు మంచినీళ్ళు ఇవ్వలేకపోతున్నానని ఆ పిల్ల మొహం చిన్నబోయింది. తాగేదానికి మైలు దూరంలో ఎవరిదో మోటారు షెడ్డు దగ్గర నుంచి బిందెలు మోసుకొస్తున్నారట. మోటారు ఆసామికి మనసుంటే వేస్తాడు, లేకుంటే లేదు. తల్లులు బిందెలు మోస్తుంటే పిల్లలు మొదటి బెల్లుకు రారు. నేను అంతకుముందు ఆ పాలెం పిల్లల్ని ఆలస్యంగా వచ్చారని ఎన్నిసార్లు బయట నిలబెట్టానో తలుచుకుంటే నా మీద నాకే చిరాకేసింది.

ప్రెసిడెంటు ఇంటికి పోయాను. ఆయన మర్యాదస్థుడే, కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు. విషయం విని తేలిగ్గా నవ్వాడు.

"చెత్త అంటారేంది మేడం. ఆకులు, అలములు, పేడ, బూడిద. ఎరువు గదా అది. ఒక్క వానకు మురిగిపోతాది. మా పొలానికైతే బాడుగ ఇచ్చి తోలుకుంటాం. ఆళ్ళకు ఊరికే తోలిస్తా ఉంటే ఏడుస్తారెందుకు."

"అయితే మీ పొలంలోనే దించించండి, బాడుగ కూడా దండగ కాదు," అన్నాను.

మజ్జిగ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయన నవ్వు ఆగింది. పక్కన కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు నేలచూపులు చూశారు. నా నోరు అంతే, దానికి చుట్టరికాలు తెలియవు.

"అందులో ఏముందో మాటలెందుకు, తూస్తే తెలుస్తుంది," అన్నాను లేస్తూ.

"చెత్తను తూచేదేంది," అని ఆయన మళ్ళీ నవ్వాడు.

కాలేజీలో ప్రిన్సిపాలు ఇది సిలబస్‌లో ఉందా అని అడిగారు. లేదన్నాను. మరి ఎందుకన్నారు. సిలబస్‌లో ఉన్నవి మనం చెయ్యడం లేదు కదా సార్, లేనిదన్నా ఒకటి చేద్దాం అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను దాన్ని అనుమతి కింద లెక్కేసుకున్నాను.

పని కష్టమైనదేమీ కాదు. ట్రాక్టరు దించిన కుప్పలో ఒక వైపు నుంచి కొన్ని గంపలు తీసుకోవాలి. గోతాల పట్టా మీద పరిచి రకాలుగా ఏరాలి. కుళ్ళిపోయేవి ఒకపక్క, కుళ్ళనివి ఒకపక్క. ఏ రకానికి ఆ రకం తూచాలి. ఎట్లా తీశాం, ఎట్లా ఏరాం, ఏం తూచాం అన్నది చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. బజారులో శనక్కాయల వ్యాపారిని అడిగితే పాత కాటా ఇచ్చాడు. మూడు కర్రలు నిలబెట్టి వేలాడదీసే దూలం, గొలుసులు, రెండు పెద్ద పళ్ళేలు, ఇనుప రాళ్ళు. "దీని మీద ఇరవయ్యేళ్ళు కాయలు తూచినాను మేడం, ఇప్పుడు చెత్త తూస్తారా," అని మొహం అదోలా పెట్టాడు గానీ ఇచ్చాడు. కడిగి తెచ్చిస్తాం లెమ్మన్నాను.

మొదటిసారి తూచింది పాలెం పిల్లలే. ముందుకొచ్చింది వాళ్ళే కదా. సంత మరుసటి రోజు ట్రాక్టరు దించిన కుప్ప మీద చేశారు. ఏరినవి ఇవి. అప్పుడప్పుడే ఊళ్ళోకి వచ్చిన పల్చటి కవర్లు, షాంపూ ప్యాకెట్లు, హోటలు ప్లాస్టిక్ కప్పులు, చెప్పులు, పగిలిన సీసాలు, టార్చిలైటు సెల్లులు, ఆర్‌ఎంపీ డాక్టరు షెడ్డు నుంచి వచ్చిన రక్తం గుడ్డలు, సూదులు. కుళ్ళని సరుకే చాలా ఎక్కువ తేలింది. ఎరువు అనదగ్గది ఒక మూలకు వచ్చింది.

పోయి చెప్పాను. టీ బంకు దగ్గర బెంచీ మీద ఆయన, చుట్టూ సగం బజారు. ప్రెసిడెంటు విని తాపీగా అన్నాడు. "పాలెం పిల్లకాయలు తూస్తే పాలెం తూకమే వస్తాది. మా పిల్లోళ్ళు తూస్తే తెలుస్తాది."

ఆయన నన్ను చిన్నబుచ్చాలని అన్నాడు. నాకేమో ఎగిరి గంతెయ్యాలనిపించింది. క్లాసులో గొంతు చించుకుని చెప్తే ఎవరికీ ఎక్కని మాట బజారులో ఆయనే అన్నాడు. "నేను అడిగేదీ అదే కదా సార్. మీ వాళ్ళే తూచాలి. వాళ్ళు తూచినా ఇదే వస్తే?"

"వస్తే ట్రాక్టరు మళ్ళిస్తా. ఇంతమంది ముందు చెప్తా ఉండా."

రెండోసారి ప్రెసిడెంటు తమ్ముడి కొడుకూ, వాడి స్నేహితులూ చేశారు. చార్టు వాళ్ళ చేతికిచ్చి, మేము దూరంగా ఉంటామని మాటిచ్చి, ఉన్నాం కూడా. తర్వాతి వారం సంత మరుసటి రోజే, అదే గట్టు, అదే కాటా.

ఎరువే వచ్చింది. ఆకు, పేడ, బూడిద, కూరగాయల తుక్కు. కవర్లు ఏవో కొంచెం. తక్కినవి దాదాపు లేవు.

బజారు బజారంతా నవ్వింది. నేను బస్సు దిగి నడుస్తుంటే, "మేడం, ఈరోజు ఏం తూస్తారు," అని కొట్ల ముందు నుంచి పలకరింపులు. నన్ననడం సరే, నేను సాయంత్రం బస్సెక్కి ఆత్మకూరు పోతాను. ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? పాలెం పిల్ల దొంగ తూకం వేసిందని ఊరంతా అన్నారు. చేతివాటం చూపించిందని అన్నారు. ఆ మాట పాలెం మీదకు పోయింది, పాలెం నుంచి కూలికి పోయేవాళ్ళందరి మీదకు పోయింది. ఆ పిల్ల క్లాసుకు రావడం మానేసింది.

వాళ్ళ నాయన కాలేజీకి వచ్చాడు. వరండా ఎక్కకుండా మెట్ల కిందే నిలబడ్డాడు. పైకి రమ్మన్నా రాలేదు. "మమ్మల్ని వదిలెయ్యండి మేడం. ఆయన మళ్ళల్లోనే నా కూలి. నీళ్ళు దూరమైతే మోసుకుంటాం, అలవాటై పోయింది. పాప మళ్ళా కాలేజీకి రావాలంటే ఈ తూకం మాట వద్దు."

"మీ పాప అబద్ధం చెప్పిందని మీరు అనుకుంటున్నారా?"

"నేనెందుకు అనుకుంటా. అనుకునేవాళ్ళు అనుకుంటా ఉండారు గదా."

"అయితే అది పోవాలి. అది పోకుండా కాలేజీకి వచ్చినా ఆ పిల్ల తలెత్తుకోలేదు. ఒక్కసారి పంపించండి. మాటిస్తున్నాను, ఎవర్నీ తిట్టను, ఎవరితోనూ తిట్టించను." తిట్టకుండా ఉండడం నాకెంత కష్టమో ఆయనకు తెలియదు, పాపం నమ్మాడు.

రెండు లెక్కలూ ఒకేసారి నిజం కాలేవు. స్టాఫ్‌రూంలో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఆ కుర్రాళ్ళు పెదనాయన చెప్పినట్టు చేసుంటారని ఒకరు. పాలెం వాళ్ళకు కోపం ఉంటుంది కదా, కాస్త అటూ ఇటూ చేసుంటారని ఇంకొకరు. నాకు రెండు మాటలూ నచ్చలేదు. పిల్లలు అబద్ధమాడారని తేల్చుకోవడం అన్నిటికన్నా సులువు. పద్ధతిలోనే ఎక్కడో తేడా ఉంది, అది వెతకాలి.

రెండు జట్లనూ గట్టు మీదికి తీసుకుపోయాను. ఇద్దరూ ముందు చేసినట్టే, నా ముందు, ఒక్కో గంప ఏరి చూపించాలి. రెండో జట్టు నోరెత్తకుండా చూడాలి. అంతే.

ముందు ఆ పిల్ల కూర్చుంది. గంప బోర్లించింది. పేడ కడులు కనబడగానే చకచకా ఏరి పక్కన చిన్న గంపలో వేసింది. బూడిదను చేత్తో దగ్గరికి తీసి అందులోనే పోసింది. ఆ గంపను దూరంగా పెట్టి, మిగిలింది ఏరడం మొదలుపెట్టింది.

"ఆ గంప ఎప్పుడు తూస్తావు?" అన్నాను.

"అది తూచేదెందుకు మేడం," అంది వింతగా చూస్తూ. "పేడ చెత్త ఎట్టవుతాది. పిడకలు కొట్టుకుంటాం. బూడిద పాదులకు ఏస్తాం. పోయినసారి ఇంటికి తీసకపోయినాం."

నిజమే మరి. మాది కలువాయి వైపు, మా ఇంట్లోనూ పేడను ఎవరూ చెత్త అనరు. పొద్దున లేస్తే పేడ ఎవరిదని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వీధిలో జుట్లు పట్టుకోవడం నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చూడలేదు? పేడా బూడిదా తీసేస్తే ఇక మిగిలేదంతా కవర్లూ సీసాలే కదా. మొదటి లెక్కలో ఎరువు ఒక మూలకే ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. ప్రెసిడెంటు తమ్ముడి కొడుకు ఈల వేయబోయి, నా మొహం చూసి ఆగాడు.

"ఇప్పుడు నువ్వు," అన్నాను.

వాడు కూర్చోలేదు. ఒక పుల్ల తీసుకుని నిలబడే గంపను చెదరగొట్టాడు. ఆకులు చేత్తో తీశాడు, పేడ చేత్తో తీశాడు, కవర్లు కొనలు పట్టుకుని తీశాడు. గుడ్డ కనబడితే పుల్లతో అవతలికి నెట్టాడు. చెప్పు నెట్టాడు. కోడి ఈకలు, ఎముకలు నెట్టాడు. ఇంజెక్షను సీసా నెట్టాడు. నెట్టినవన్నీ పట్టా దాటి గట్టు మీద పడ్డాయి. మిగిలింది తూకానికి పెట్టాడు.

"అవి?" అన్నాను.

"అవి ముట్టుకోకూడదు మేడం," అన్నాడు, తెలియనట్టు అడుగుతున్నానేమోనని. "ఎవరెవరివో గుడ్డలు. ముట్టుకుంటే మా అవ్వ ఇంట్లోకి రానీదు."

"తూచలేదా?"

"ముట్టుకోకుండా ఎట్ట తూచేది?"

ఇద్దరిలో ఒకరూ అబద్ధమాడలేదు. ఒకరు వాళ్ళ ఇంట్లో పనికొచ్చేదాన్ని లెక్కలోంచి తీసేశారు, ఒకరు వాళ్ళ ఇంట్లో పనికిరానిదాన్ని తీసేశారు. చార్టు మీద నేను రాయించిన మాటల్లో పేడ గురించీ లేదు, గుడ్డల గురించీ లేదు. చెత్త అంటే ఏమిటో అందరికీ తెలుసనుకున్నాం.

ఆ పిల్ల లేచి పట్టా దాటి పోయి, వాడు నెట్టినవాటి దగ్గర నిలబడింది. అప్పుడు దాని గొంతు కిందకి పోలేదు. "నువ్వు ముట్టుకోనివన్నీ యాడికి పోతాయనుకుంటా ఉండావు? ఈడికే. ఆ కనపడేది మా బావి."

వాడు బావి వైపు చూశాడు. ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, ఆ బావిని అంతకుముందు ఎప్పుడూ చూసినట్టు లేదు. పుల్ల కింద పడేసి, "పార ఉంటే ముట్టుకోకుండా ఎత్తొచ్చు," అన్నాడు.

"పార తెచ్చుకో," అంది ఆ పిల్ల.

ఆ వారమంతా చార్టు తిరగరాశాం. కొత్తగా రాసిన మొదటి మాట, ట్రాక్టరు నుంచి ఏది పడితే అది తూకానికి వస్తుంది, ఎవరికి పనికొచ్చినా, ఎవరికి అసహ్యమైనా. రెండోది, చేతులతో కాదు, పారతో, పట్టకారుతో. మూడోది, జట్టులో అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసి ఉండాలి. ఒక జట్టు ఏరి తూచి, మళ్ళీ కలిపేసి పక్కకు పోవాలి. రెండో జట్టు అదే కుప్పను, మొదటివాళ్ళకు ఎంతొచ్చిందో తెలుసుకోకుండా ఏరి తూచాలి. పేడను తూచాక ఎవరైనా ఇంటికి తీసుకుపోవచ్చని కూడా రాశాం. అది ఆ పిల్ల రాయించింది.

ప్రిన్సిపాలు నన్ను పిలిచి మెల్లగా చెప్పారు. "ఆ మొదటి లెక్క తప్పని బయట చెప్పకండమ్మా. పరువు పోతుంది. కొత్తది ఒక్కటే చెప్దాం."

"మొదటిది తప్పని చెప్తేనే కొత్తది నమ్ముతారు సార్," అన్నాను. ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు.

మూడో తూకానికి టముకు వెయ్యకపోయినా టముకు వేసినట్టే జనం వచ్చారు. చెత్త తూచడం చూడడానికి వచ్చినవాళ్ళు ముక్కులకు తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళు పది నిమిషాలు ఓర్చుకోలేని వాసనలో పాలెం వాళ్ళు అన్నం తింటున్నారని నేను పైకే అన్నాను. తిట్టనని మాటిచ్చాను, అది తిట్టు కిందకి రాదనుకుంటాను. ప్రెసిడెంటు కూడా వచ్చి కుర్చీ వేయించుకున్నాడు. రెండు జట్లు ఒకరి తర్వాత ఒకరు ఏరారు, తూచారు. శనక్కాయల వ్యాపారి స్వయంగా కాటా ముల్లు చూసి గట్టిగా చదివాడు. ఒక జట్టుకూ ఇంకో జట్టుకూ గుప్పెడో చారెడో తేడా.

సగం కంటే కాస్త ఎక్కువ ఎరువు. తక్కినదంతా ఎన్ని వానలు పడినా మురగని సరుకు.

నేను లేచి అందరికీ వినబడేట్టు చెప్పాను. మా పిల్లలు మొదట చెప్పినంత మురగని సరుకు లేదు, అది పొరపాటు, ఎందుకు జరిగిందో ఇదీ కారణం. తర్వాత వచ్చిన లెక్కా తప్పే, దానికి ఇదీ కారణం. ఇప్పుడు వచ్చింది మీ ముందే వచ్చింది. నమ్మకం లేనివాళ్ళు ఆ చార్టు చదువుకుని వచ్చే వారం మీరే తూచుకోండి, కాటా ఇక్కడే ఉంటుంది.

"సగం పైన ఎరువే గదా," అన్నాడు ప్రెసిడెంటు.

"తక్కిన సగం బావిలోకి పోతా ఉండాది పెదనాయనా," అన్నాడు తమ్ముడి కొడుకు. పార వాడి చేతిలోనే ఉంది. "నేను గూడా తూచినాను."

ప్రెసిడెంటు కుర్చీలోంచి లేచాడు. "చూద్దాం," అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ఇంతమంది ముందు ఇచ్చిన మాట ఇంతమంది ముందే మింగేశాడు.

తర్వాతి నెలలో నాకు బదిలీ వచ్చింది. ఉదయగిరికి. ఎవరు చెప్తే వచ్చిందో ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. వీడ్కోలు సభ పెట్టి శాలువా కప్పుతామన్నారు. శాలువా వద్దు, ల్యాబుకు అయోడిన్ కొనండన్నాను.

నన్ను పంపిస్తే తూకం ఆగిపోతుందని వాళ్ళ లెక్క. మాస్టారు పోతే చదువు పోతుందనుకునేవాళ్ళు ఆ ఊళ్ళోనే కాదు, అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు. నేను పిల్లలకు నేర్పిందల్లా నేను లేకుండా చెయ్యడమే కదా. కాపురం ఆత్మకూరులోనే కాబట్టి, నేనెక్కే ఉదయగిరి బస్సు రోజూ ఆ ఊరి మీదుగానే పోయేది. సంత మరుసటి రోజు కిటికీలోంచి తల బయట పెడితే దూరంగా గట్టు మీద మూడు కర్రలు, వేలాడే పళ్ళేలు కనిపించేవి. ఒక్క వారం కూడా ఆగలేదు. కండక్టరు కూడా నన్ను చూసి, "తూస్తా ఉండార్లే మేడం, కూర్చోండి," అనేవాడు.

ఉదయగిరిలో మా కొత్త ప్రిన్సిపాలు నేను చేరిన రోజే, "ఇక్కడ చెత్త సమస్య లేదమ్మా," అన్నారు. నా పేరు నాకంటే ముందు బస్సెక్కి చేరిపోయినట్టుంది. నేను పిల్లలకు చార్టు నకలు ఇచ్చి ఊరుకున్నాను. నోటితో ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే కొండ కింద కుప్ప మీద తూచారు. రెండు జట్లకూ లెక్క కలవలేదు. చెక్క చెంచాలు చేసేవాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన పొట్టును ఒకరు ఎరువులో వేశారట, ఒకరు వెయ్యలేదట. చార్టులో ఆ మాట లేదు. వాళ్ళే కూర్చుని ఒక వాక్యం చేర్చుకుని మళ్ళీ తూస్తే కలిసింది. ఆ వాక్యం ఒక చీటీ మీద రాసి, కిందటి ఊరి పిల్లలకు ఇమ్మని నా చేతికిచ్చారు.

ఆ చీటీ ఇద్దామనే ఒక సంత మరుసటి రోజు సెలవు పెట్టి దారిలో దిగాను. గట్టు ఎక్కేసరికి తూకం నడుస్తోంది. అందులో సగం మంది నాకు తెలియని మొహాలు, కింది క్లాసు పిల్లలు. ఆ పిల్ల ఇంటరు రాసేసి ఫలితాల కోసం ఎదురుచూస్తోంది, అయినా వచ్చింది. చీటీ తన చేతికే ఇచ్చాను. వాళ్ళ నాయన కొంచెం దూరంలో కూర్చుని ఉన్నాడు. నేను పలకరించేలోపు ప్రెసిడెంటు స్కూటరు వచ్చి ఆగింది.

నన్ను చూసి తలపంకించాడు. మాట మాత్రం ఆ పిల్లతో కాదు, వాళ్ళ నాయనతో అన్నాడు. "సరేలేరా, నువ్వే గెలిచినావు. ఇంక ట్రాక్టరు ఈడికి రాదు. వాగు గట్టున గుంత ఉండాది గదా, ఈపొద్దు రెండో ట్రిప్పు నుంచే ఆడ దించమని చెప్పినా. ఈ తూకాలు ఇంక ఆపెయ్యండి. ఊరి పరువు బస్సుల్లో పోయేవాళ్ళంతా చూస్తా ఉండారు."

ఆ నాయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకు. బావి మిగిలింది. కూలి మిగిలింది. కూతురి చదువు మిగిలింది. ఇంకేం కావాలి ఎవరికైనా. నాకు కూడా ఒక్క క్షణం ఇక చాలనిపించింది, ఆ మాట దాచను.

ఆ పిల్ల చేతిలో పార ఆగింది. "వాగు గట్టున గుడిసెలుండాయి గదా సార్. ఆళ్ళు యాడి నీళ్ళు తాగుతారు?"

"వాగులో చెలమ తోడుకుంటారు. అయినా నీకెందుకు ఆ గోల? మీ బావి కాడ వద్దంటివి, తీసేస్తా ఉండాం."

"బావి కాడ వద్దన్నాం. చెలమ కాడ ఏసుకోమని అన్లేదు," అంది. "ఆడ ఏస్తే ఆడికొచ్చి తూస్తాం."

ప్రెసిడెంటు మొహం ఎర్రబడింది. మళ్ళీ వాళ్ళ నాయన వైపే తిరిగాడు. "విన్నావా? ఆ పిల్ల నోరు నువ్వు మూయిస్తావా, రేపటి నుంచి నా మడికి రాకుండా ఉంటావా, ఏదో ఒకటి చెప్పు."

నా నోటి దాకా వచ్చిన మాటలు ఇక్కడ రాసేవి కావు. కానీ ఆయన అడిగింది నన్ను కాదు. ఆ నాయన జోడించిన చేతులు అట్లాగే ఉన్నాయి. కూతురు ఆయన వైపు చూడలేదు, తప్పు చేసినట్టు నేలకేసి చూస్తోంది. ఆయన చేతులు దించి, పైగుడ్డ తీసి తలకు చుట్టుకున్నాడు. కాటా దగ్గరికి నడిచి గొలుసులు విప్పాడు, పళ్ళేలు ఒకదాంట్లో ఒకటి పెట్టాడు, దూలం ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"వాగు కాడికేనా," అని కూతుర్ని అడిగాడు. "పదమ్మా. ఎండెక్కక ముందే పోదాం."